ఆ ఎనిమిది రోజులూ తోమా ఎక్కడున్నాడు

మా టీచరమ్మ గారు పోయారు. ఈస్టర్ వెళ్లిన నాలుగో రోజు, గురువారం మధ్యాహ్నం, తను నర్సుగా పనిచేసే హాస్పిటల్‌లోనే, డ్యూటీ దిగి బూట్లు విప్పుకుంటూ కూలబడిపోయారట. చుట్టూ డాక్టర్లే ఉన్నా దక్కలేదు. ల్యాబ్‌లో పనిలో ఉన్న నాకు మా సంఘపెద్ద గారు ఫోన్ చేసి చెప్పారు. "ఈ ఆదివారం ప్రార్థన మా ఇంట్లో కదండీ, ఆవిడ రావాలి కదా" అన్నాను. ఫోన్ పెట్టేసి, అంటించిన లేబుళ్లనే మళ్లీ అంటించుకుంటూ కూర్చున్నాను. రెండు వారాలైంది. ఆ మాట ఇంకా నా తలకెక్కడం లేదు.

ఆవిడ గుంటూరు వైపు మనిషి. డెబ్బైల చివర్లో నర్సు ఉద్యోగం మీద న్యూజెర్సీ వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారాలు మా వాళ్ల పిల్లలకు తెలుగులో బైబిలు వాక్యం చదవడం నేర్పేవారు కాబట్టి అందరికీ టీచరమ్మ. మాకు సొంత చర్చి లేదు. పది పన్నెండు కుటుంబాలం, వారానికొకరి ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటాం, ఎవరింట్లో అయితే వాళ్లదే వంట. టీచరమ్మ గారు లోపలికి వస్తూనే అందరూ కూర్చున్న హాల్లోకి కాక తిన్నగా వంటింట్లోకి వెళ్లేవారు. మూతలన్నీ తీసి చూసి, "కూర బాగుందే, ప్రసంగం తొందరగా ముగించమని చెప్తానుండు" అనేవారు. కారు నలభై మైళ్లు దాటనిచ్చేవారు కాదు. వెనకవాళ్లు హార్న్ కొడితే, పాపం వాళ్లకేదో అర్జెంటు అని జాలిపడి చెయ్యి ఊపేవారు.

ఐసెలిన్ ఊళ్లో అపార్ట్‌మెంట్ తీసుకున్న ఏడాది మాకు పాప పుట్టింది. పదకొండు రోజులు బతికింది. ఆ పదకొండు రోజులూ నేను చేసినంత ప్రార్థన నా జన్మలో ఎప్పుడూ చేయలేదు.

తర్వాత వచ్చిన ఈస్టర్‌కి ప్రార్థనలో సాక్ష్యాల వేళ వచ్చింది. ఆ వారం ప్రభువు తమకేం మేలు చేశాడో ఒక్కొక్కరే లేచి చెప్పే వేళ అది. నేను లేచి అడిగాను. సమాధిలోంచి లేచాక ప్రభువు నలభై రోజులు ఈ భూమ్మీదే ఉన్నాడంటారు. కనిపించిన సందర్భాలేమో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా రోజులన్నీ ఎక్కడికెళ్లాడు? తన శిష్యులు తలుపులు బిగించుకుని భయపడి చస్తుంటే, అంతకన్నా ముఖ్యమైన పని ఆయనకేముంది? నాకింక నమ్మకం లేదని కూడా చెప్పేసి కూర్చున్నాను.

ఒకావిడ ఏడ్చింది. సంఘపెద్ద గారు నా మనసు మారాలని చాలాసేపు ప్రార్థన చేశారు. మరుసటి వారం వంతుల లిస్టులో మా పేరు లేదు. నమ్మకం లేదన్న మనిషి ఇంట్లో ప్రార్థన ఎలా పెట్టుకుంటామని ఆయన బాధ. పైకి నేను లెక్కచేయనట్టే ఉన్నాను. కానీ ఈ దేశంలో మాకున్నది ఆ పదిళ్ల వాళ్లే. పాపను మట్టిలో పెట్టినప్పుడు నా పక్కన నిలబడింది వాళ్లే. వాళ్లు కూడా పోతే నేను బతకలేననిపించింది.

ఆ శనివారం టీచరమ్మ గారు డ్యూటీ నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చారు. జవాబు పట్టుకొచ్చారనుకుని పోట్లాటకు సిద్ధమయ్యాను.

"నాకూ తెలీదమ్మా," అన్నారు. "ఎన్నేళ్లుగానో అడుగుతున్నా, ఆ రోజుల్లో ఎక్కడికెళ్లావయ్యా అని. చెప్పట్లేదు."

టీ తాగాక మళ్లీ ఆవిడే అన్నారు. "ఆయన ఎక్కడున్నాడని అడిగావు బానే ఉంది. ఆయన శిష్యుడు తోమా ఎక్కడున్నాడో చూశావా? ప్రభువు లేచాడని అందరూ అంటే, చూస్తే గానీ నమ్మనని తెగేసి చెప్పాక కూడా, ఎనిమిది రోజులు మిగతా శిష్యులతోనే ఉన్నాడు. వాళ్లు పొమ్మనలేదు, ఇతను పోలేదు. ఆ ఎనిమిది రోజులూ అతనికి ఎవరో ఒకరు అన్నం పెట్టే ఉంటారు కదా."

మర్నాడు అందరి ముందూ సంఘపెద్ద గారి చేతిలోంచి లిస్టు తీసుకుని మా పేరు తనే రాశారు. "ఆ అమ్మాయి వంట చేస్తుంది. ప్రార్థన మనం చేసుకుందాం" అన్నారు. ఆయన నొచ్చుకున్నా కాదనలేదు. అప్పట్నుంచి నాలుగేళ్లు అలాగే జరిగింది. వాళ్లు హాల్లో పాడుకుంటుంటే నేను వంటింట్లో పోపు పెట్టుకునేదాన్ని. ఇప్పుడేమైనా నమ్మకం కుదిరిందా అని టీచరమ్మ గారు ఒక్కసారి కూడా అడగలేదు.

ఇక్కడ పోయినవాళ్లకు కూడా అపాయింట్‌మెంట్ కావాలి. సమాధికి మంగళవారం దాకా ఆగాల్సి వచ్చింది. వీసా దొరక్క రాలేకపోయిన ఆవిడ తమ్ముడు, తెల్లచీరలో పంపమని ఫోన్‌లో అడిగాడు. మావాళ్లు చీర మడతపెట్టి ఫ్యూనరల్ హోమ్‌లో ఇచ్చి వచ్చేశారు. అక్కడివాళ్లకు కట్టడం రాదన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. సోమవారం వెళ్లి చూస్తే, ఒంటికి గౌను తొడిగి, పైన చీరను దుప్పటిలా కప్పి ఉంచారట. ఆవిణ్ణి ముట్టుకుని చీర కట్టాలంటే ఆడవాళ్లంతా భయపడ్డారు. సంఘపెద్ద గారు నాకు ఫోన్ చేసి, "నువ్వు వెళ్తావా అమ్మా" అని అడిగారు.

వెళ్లాను. పౌడర్ కూడా ఎరగని మనిషికి పెదాలకు రంగు వేశారు. ఒళ్లు మండిపోయింది. ముందు అది తుడిచాను. అక్కడ పనిచేసే నడివయసు అమెరికన్ ఒకాయన ఆవిణ్ణి ఎత్తిపట్టుకుంటే, చీర చుట్టూ తిప్పి, మళ్లీ పడుకోబెట్టాక కుచ్చిళ్లు పోసి పిన్నులు పెట్టడం మొదలుపెట్టాను. ఆదివారం వస్తానన్నారు కదా, గుత్తివంకాయ చేయమన్నారు కదా, నన్నిలా వదిలేసి ఎక్కడికెళ్లారు అంటున్నాను. పైకే అంటున్నానని నాకు తెలియదు. కాసేపటికి పాప సంగతి కూడా అడుగుతున్నాను. అది టీచరమ్మ గారిని అడగడం కాదు.

ఆయన మెల్లిగా ఇంగ్లీషులో అడిగాడు. "ప్రార్థన చేసుకుంటున్నారా? నన్ను బయటికి వెళ్లమంటారా?"

"వద్దు," అన్నాను. "ఉండండి."

ఆయన డబ్బాలోంచి ఇంకో పిన్ను తీసి, నాకు అందేలా పట్టుకుని నిలబడ్డాడు.