సొరపాదు తాగిన నీరు

శామీర్‌పేట దారిలో తూంకుంట దాటిన తరువాత, ఇంకా ఇండ్లు లేని ఒక లేఅవుట్‌లో, కూరగాయలకై చిన్న చిన్న మడులు కౌలుకిస్తారు. ఉద్యోగ విరమణానంతరం నేనూ ఒకటి తీసుకొన్నాను. అక్కడి బోరు ఎండిపోయింది. వారానికొకమారు ట్యాంకరు వస్తుంది, అదీ నమ్మకం లేదు. అందుచేత మొక్కలను మొదటి నుండి దాహానికి అలవాటు చేయడం నా పద్ధతి. లోతుగా గుంట తీసి, పశువుల ఎరువు నింపి, పైన ఎండుగడ్డి దట్టంగా కప్పి, ఒక్కసారే నిండుగా నీరు పెట్టేవాణ్ణి. ఆకు వాడి వ్రేలాడినా చలించేవాణ్ణి కాను. పైన నీరు దొరకని వేరు కిందికి పోతుంది. ఎంత కిందికి పోతుందో ఎన్నడూ ఆలోచించలేదు.

మొన్నటి వేసవిలో నాకు కావలసింది కూర కాదు, విత్తనం. నా ఇల్లాలు ఏటేటా దాచిన సొరగింజలు ఆమె పోయాక డబ్బాలోనే పుచ్చిపోగా, నాటినవాటిలో ఒక్కటే మొలిచింది. ఆ పాదున ఒక్క కాయైనా ముదిరి ఎండితే ఆ విత్తు నిలుస్తుంది; లేకుంటే ఆమె చేతి సొర ఇక లేదు.

మడి మూలన భూమిలోనుండి ఒక సిమెంటు గొట్టం పొడుచుకొని ఉండేది. పందిరికి దానినే గుంజగా వాడుకొని, దాని తలపై సున్నపు బొట్లు పెట్టిన దిష్టికుండను బోర్లించాను.

ట్యాంకరు రావడం మానింది. బీర మాడింది, బెండ మాడింది. సొరపాదు మాత్రం మండుటెండలోనూ ఆకు వాల్చలేదు. పొద్దు వాలే వేళ ఆ కుండలో ఎవరో పెదవులు బిగించి మూలుగుతున్నట్లు సన్నని ధ్వని వినవచ్చేది. గాలి ఉండేది కాదు. పందిరి మీద ఒక్క ఆకూ కదిలేది కాదు.

పక్క మడిలో వంగ పెంచే ఆమె, పూర్వం ఈ నేల ఎవరిదో ఆ ఇంటి కోడలు. నా వయసుదే. ఒకనాడు ఆ ధ్వని విని కలుపు వదిలి వచ్చింది.

"సారూ, గా కుండ గొట్టం మీద బెట్టిన్రా?"

"దిష్టి తగలకుండానమ్మా."

"గీ ఎండల మనిద్దరం దప్ప పిట్ట గూడ లేదు. ఎవల దిష్టి తగుల్తది, నాదా?" అని నవ్వబోయి ఆగింది. "గది మా మామ తవ్విచ్చిన బాయి సారూ. ప్లాట్లు జేసినప్పుడు మట్టి నింపిన్రు. పూడ్చిన బాయికి ఊపిరాడాలెనని మా అత్త కొట్లాడి గొట్టం పెట్టిచ్చింది. మీరు దాని నోరు మూసిన్రు."

కుండ ఎత్తాను. లోపలి గోడంతా తడి. గొట్టం మీద అరచేయి ఉంచితే చల్లని ఊపిరి తగిలి, మణికట్టు దాకా పాకింది. అప్పుడే ఆమె నా పాదాల వైపు చూపింది. పందిరి చుట్టూ నేల గుండ్రంగా బీటలు వారింది. నేను ఆ వలయం లోపల నిలబడి ఉన్నాను.

"బయటికి రాండ్రి. దిగుతాంది."

"కాయ ముదరాలమ్మా."

"కాయ కోసం బాయిల వడ్తరా? మీరు వడ్తె గుంజెటందుకు నా తాన తాడు గూడ లేదు."

కుండను తిరిగి పెట్టలేదు. తరువాత ప్రతిదినం అల్వాల్ నుండి బస్సులో వచ్చి, బీటకు ఇవతల కూర్చుండి ఆ ఒక్క కాయను చూసేవాణ్ణి. అది తెల్లబారింది, గట్టిపడింది. వలయం లోపలి నేల జానెడు కుంగింది.

తొడిమ ఎండిన నాడు, ఆమె వెదురుగడకు కొడవలి కట్టి కాయను కోసి, ఇవతలికి లాగింది. చెవి దగ్గర పెట్టుకొని ఆడించాను. ఎండిన సొరలో గింజలు గలగలమనాలి. ఏమీ పలకలేదు. బరువుగా, చల్లగా ఉంది.

కోసి చూస్తే గింజలన్నీ లోపలే మొలిచి ఉన్నాయి. వెలుతురెరుగని తెల్లని మొలకలు ఒకదానినొకటి పెనవేసుకొని, అన్నీ తొడిమ వైపే సాగి ఉన్నాయి. పాదు వచ్చిన దారినే తిరిగి కిందికి పోబోతున్నట్లు.

ఆమె ఒక మొలకను వేలితో తాకి చూసింది. "ఇవి డబ్బాల దాసేటివి గావు సారూ," అన్నది. "గిప్పుడే మట్టిల బెట్టాలె. ఇంటిదాన్క ఆగయి."

ఆ లేఅవుట్‌లో తడి ఉన్న నేల ఆ వలయం లోపలిది ఒక్కటే. ఇద్దరమూ దాని వైపు చూశాము.

చెప్పులు విడిచాను. ఆమె నా కండువా ఒక కొస నా నడుముకు కట్టి, రెండవ కొస తన చేతికి చుట్టుకొన్నది. "మీరు దిగితే నేను ఇడిసిపెడ్త, ముందే జెప్తున్న," అన్నది. కాని పిడికిలి మరింత బిగించింది.

బీట దాటి మోకరిల్లాను. మన్ను చీకటిలా చల్లగా ఉంది. మొదటి మొలకకు వేలితో గుంట చేశాను. రెండవదానికి ఆ పని లేకపోయింది. ఒక్కొక్క మొలకను నేలకు ఆనించగానే, నా వేళ్ల మధ్యనుండి ఎవరో మృదువుగా అందుకొంటున్నట్లు అది లోపలికి పోయింది.