కెమెరా లేని తీగ నుంచి జవాబులు

దెయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. నా ఉద్యోగం, కంప్యూటర్‌ని లోపలి నుంచి నడిపే లినక్స్ కెర్నెల్‌లో నెట్‌వర్క్ కోడ్ చూడటం. ఆ కోడ్ ఎవరైనా చదవచ్చు, దాచిందేమీ ఉండదు. తీగ మీద వచ్చే ఏ డేటా ప్యాకెట్ ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతికితే దొరుకుతుందని నా నమ్మకం.

అప్పుడు కోట అనే ఊరి దగ్గర, సముద్రానికి దగ్గర్లో అద్దెకుండేవాళ్లం. బాబుకి ఏడో నెల. నెలలు నిండకుండా పుట్టాడు, ఊపిరి గమనిస్తూ ఉండమన్నారు డాక్టరు గారు. అందుకే పడగ్గదిలో కెమెరా పెట్టి, తీగ హాల్లో నా కంప్యూటర్ దాకా లాగాం. ఆ తీగకి ఇంకేమీ తగిలించలేదు.

ఉప్పుగాలికి కెమెరా తుప్పు పట్టింది. ఆ పొద్దున మా ఆయన దాన్ని ఊడదీసి, నెల్లూరులో రిపేరుకిచ్చి డ్యూటీకి వెళ్లాడు.

కెర్నెల్ ఏదైనా పంపాలంటే ముందు తీగ మీద "ఈ అడ్రస్ ఎవరిది?" అని అడుగుతుంది. అవతలి నుంచి "నాది" అని రావాలి. కెమెరా పలుకుతోందో లేదో సెకనుకోసారి చూపించే విండో నా స్క్రీన్ మీద ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పొద్దుటి నుంచి జవాబు లేదు. ఉండకూడదు కూడా.

మధ్యాహ్నం బాబుని ఆ గదిలో పడుకోబెట్టి వచ్చి కూర్చున్నాను. జవాబులు మొదలయ్యాయి.

కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న పాత ఎంట్రీ మిగిలిందేమోనని చెరిపేశాను. కెర్నెల్ మళ్లీ మొదట్నుంచి అడిగింది. "నాది" అని వచ్చింది, మా కెమెరాకి మాత్రమే ఉండే హార్డ్‌వేర్ నంబరుతోనే.

రిపేరు షాపుకి ఫోన్ చేశాను. "నా ముందే ఉందక్కా, నాలుగు ముక్కలుగా" అని నవ్వాడు.

గదిలోకి పరిగెత్తాను. గోడకి తీగ కొన ఖాళీగా వేలాడుతోంది. నిద్రలో ఉన్న బాబుని ఎత్తుకుని హాల్లోకి వచ్చాను. జవాబులు ఆగిపోయాయి. పాలసీసా మర్చిపోయానని, వాణ్ణి భుజాన వేసుకునే మళ్లీ లోపలికెళ్లాను. తిరిగొచ్చి చూస్తే, గదిలో ఉన్న ఆ కాసిని సెకన్లకీ జవాబులు పడి ఉన్నాయి.

సాయంత్రం మా ఆయన విని, "నిద్ర చాలక నీ కెర్నెలే హ్యాంగయిందమ్మే" అన్నాడు. గదిలో తనొక్కడే నిలబడ్డాడు. జవాబు లేదు. నేను నిలబడ్డాను. లేదు. స్క్రీన్ మీద మధ్యాహ్నపు లైన్లు చూపించాక నవ్వు ఆపాడు.

"బాబుని ఒక్క నిమిషం పడుకోబెడితే తేలిపోద్ది గదా" అని చేతులు చాచాడు.

నేనివ్వలేదు. ఆ రాత్రే కోవూరులో మా అత్తగారింటికి వచ్చేశాం.

ఆ కోడ్ మొత్తం ఎన్నిసార్లు చదివానో. అవతల ఏదో ఒకటి లేకుండా ఆ జవాబు వచ్చే దారి నాకు కనిపించలేదు. మా ఆయన అడిగిన పరీక్ష చేసుంటే తెలిసేదేమో. వాణ్ణి ఆ గదిలో పెట్టి తెలుసుకునేదేదీ నాకొద్దు.