తాత గని పేరు

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మందుగుండు పేలినప్పుడల్లా సెంటినరీ కాలనీ పక్కనున్న మా ఇంట్లో స్టీలు గిన్నెలు ఒక్కసారి గలగలమంటాయి. ఏళ్ల తరబడి వింటున్న చప్పుడే. కానీ పోయిన ఎండాకాలం నుంచి అది వినబడగానే అమ్మ చేతిలో పని ఆపేసి కిటికీ వైపు చూస్తుంది. ఇప్పుడు వాళ్లు తవ్వుతున్న చోట మొన్నమొన్నటి దాకా మా చర్చి సంఘం వాళ్ల పాత సమాధుల తోట ఉండేది.

తోట గనిలోకి పోతుందని ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు చెప్పారు. ఫలానా సమాధి మాది అని రిజిస్టరులో పేరు చూపించిన వాళ్లకు, వాళ్ల పెద్దల ఎముకలను కొత్త స్థలంలో విడిగా పూడ్చుకోనిస్తారు. ఎవరూ అడగనివన్నీ కలిపి ఒకే గుంతలో వేస్తారు. అమ్మ ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడి, "మా నాయినను ఆ గుంతల వెయ్యనియ్యకు బిడ్డా" అంది. గనిలో పైకప్పు కూలి తాత చనిపోయేనాటికి అమ్మ చంకలో పిల్ల. ఆయన మొహం ఆమెకు తెలియదు. ఒక్క ఫొటో లేదు. ఏ మట్టిదిబ్బ కింద ఉన్నాడో కూడా తెలియదు. ఏటా సమాధుల పండుగకు అందరూ తమ వాళ్ల సమాధులకు సున్నం వేసి పూలు పెడుతుంటే, అమ్మ గేటు పక్క గోడ మీద ఒక కొవ్వొత్తి వెలిగించి వచ్చేసేది. అమ్మ చిన్నప్పుడు ఆమె తల్లి, మా అవ్వ కూడా పిల్లలను ఆ గేటు దగ్గరే నిలబెట్టి తనొక్కతే లోపలికి పోయేదట. ఎటు పోయేదో చెప్పేది కాదట.

అలా నేను రిజిస్టర్ల పని మీద పడ్డాను. బడిపంతులమ్మగా పదవీ విరమణ చేసినదాన్ని, ఎవరి రాతనైనా చదవగలనని నాకో గర్వం. ఆ గర్వాన్ని పాతకాలపు పాస్టర్లు మొదటి పేజీలోనే అణిచేశారు. ఒకాయన అక్షరాలు చీమల బారు, ఇంకొకాయన సగం ఇంగ్లీషులో మొదలుపెట్టి సగం తెలుగులో ముగిస్తాడు. చర్చి బీరువాలో నాఫ్తలీను వాసన, చెదల మట్టి, తుమ్ములు. అయినా తాత దొరికాడు. బాప్తిస్మం రిజిస్టరులో సమూయేలు, ఊరు జైపూర్ దగ్గరి పల్లె, పని కూలి. పెళ్లి రిజిస్టరులో ఆయన వేలిముద్ర, అవ్వ వేలిముద్ర, కింద సాక్షిగా అదే ఊరి రాజయ్య వేలిముద్ర. ఆ మూడో ముద్ర చూడగానే నేను పుస్తకం మూసేశాను. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఎందుకంటే ఆ బీరువాలోనే అవ్వ వీలునామా కూడా ఉంది. అవ్వ చెప్తుంటే అప్పటి పాస్టరు రాసిపెట్టిన కాగితం. ఉన్న ఆస్తి ఒక ఇనుప మంచం, రెండు ఇత్తడి బిందెలు, ఒక గొంగడి. వాటిని పంచడానికి పేజీ నిండా రాయించింది మహాతల్లి. పెద్ద బిందె కూతురికి, చొట్టపోయింది కోడలికి. చివర ఒకే ఒక్క వాక్యం, తనను పాత తోటలో రాజయ్య పక్కన పెట్టాలని. తాత పక్కన అని లేదు. మా మేనమామ అది చదివి, మడతపెట్టి, శవాన్ని తను ఉండే మంచిర్యాలకు తీసుకుపోయి అక్కడి సమాధుల్లో పూడ్చాడు. అమ్మ కూడా అడ్డు చెప్పలేదు. ముప్పై దాటకుండానే మొగుణ్ని పోగొట్టుకుని, కంపెనీలో ఊడ్చే పని చేసి ఇద్దరు పిల్లలను సాకిన మనిషి, ఆఖరికి పరాయి మగాడి పక్కన పడుకుంటానందని అమ్మకు తలవంపులు. ఆ తర్వాత ఏ పండుగకూ ఆమె మంచిర్యాల పోలేదు. గోదావరి దాటితే అవతలే గదా అని నేనంటే, మోకాళ్ల నొప్పులంటుంది. ఆ మోకాళ్లతోనే పెళ్లిళ్లకు మాత్రం ఎంత దూరమైనా పోతుంది.

సమాధుల రిజిస్టరులో తేదీలున్న అంచంతా చెదలు తినేశాయి, పేర్లు, వరసలు మిగిలాయి. సమూయేలు అన్న పేరు ఒక్కటే ఉంది, గోడ వారగా చివరి వరసలో. అమ్మ ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. తవ్విన రోజు గొడుగు కింద నిలబడి, బయటికి తీసిన ఒక్కొక్క ఎముకనూ తన పాత పట్టుచీర ముక్కలో తానే పెట్టింది. ఏడవలేదు. మూట కట్టాక పాస్టరుగారు మధ్య వరసలో ఉన్న ఒక దిబ్బ చూపించి, ఇది రాజయ్య అని ఉందమ్మా, ఎవరూ రాలేదు, మీ ఊరివాడేనట, తెలుసా అని అడిగారు.

అమ్మ మూట గుండెకు హత్తుకుని, "తెల్వదు" అంది. మొహం అటు తిప్పుకుంది.

కొత్త స్థలంలో సమూయేలు పేరుతో నల్లరాయి వేయించాం. దాని పక్కన అమ్మ తనకూ చోటు అడిగి పెట్టుకుంది. ఆ వారమంతా ఆమె ముఖంలో ఉన్న వెలుగు నేనెప్పుడూ చూడలేదు. అడగని ఎముకలన్నీ గుంతలో వేసి, ప్రార్థన చేసి, పైన సిమెంటు పోశారు.

వానలు మొదలయ్యాక ఒక ముసలాయన చేతికర్రతో మా ఇంటికి వచ్చాడు. జైపూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చానని చెప్పి, నీళ్లు అడిగి తాగి, దవాఖానలో పడి ఉండటంతో సమాధులు తీసేటప్పుడు రాలేకపోయానని, ఇప్పుడు మేము వేయించిన రాయి చూసి వస్తున్నానని అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "అక్కా, మీరు తీస్కపోయింది మా నాయినను" అన్నాడు.

ఆయన రాజయ్య కొడుకు. మెల్లగా, మధ్యమధ్య దగ్గుతూ చెప్పాడు. వాళ్ల నాయినకు గనిలో పని దొరికిందట. ఒక్క షిఫ్టు దిగి, ఆ చీకటికి జడుసుకుని, చచ్చినా మళ్లీ దిగనన్నాడట. దొరికిన పని ఎందుకు పోవాలని స్నేహితుడు సమూయేలు గనిలో ఇచ్చిన ఆ హాజరు బిళ్ల తీసుకుని రాజయ్య పేరుతోనే దిగాడు. ఆ రోజుల్లో అలా మారుపేరుతో దిగిన వాళ్లు చాలామందే ఉండేవారు. వారమంతా రాజయ్య, ఆదివారం సమూయేలు. పైకప్పు కూలినప్పుడు కాగితాల ప్రకారం చనిపోయింది రాజయ్య. కంపెనీ వాళ్లు వచ్చి నిలబడ్డ మధ్య వరసలోని ఆ సమాధి దగ్గర, ఇతను నా మొగుడు రాజయ్య అని అవ్వ చెప్పింది, పాస్టరూ రిజిస్టరులో అదే రాశాడు. కాదంటే చనిపోయినవాడి పెళ్లానికని కంపెనీ ఇచ్చే పని ఆమెకు రాదు, చంకలో పిల్లకు తిండి లేదు. తర్వాత తెలిసినవాళ్లు లేని ఇంకో గని వైపుకు మారిపోయి, పిల్లల నోరు జారుతుందన్న భయంతో ఆ ముక్క వాళ్లకు ఎన్నడూ చెప్పలేదు.

మరి మీ నాయిన సమాధికి మా తాత పేరెందుకు వచ్చిందని నేనడిగాను.

"ఆయన కాయితాల మీద ఎప్పుడో సచ్చిపోయిండు గద బిడ్డా. సచ్చినోన్ని మల్ల ఎట్ల బొందవెడ్తరు? మిగిలిన పేరు మీ తాతదే, దాంతోనే బతికిండు. పాస్టరు అదే రాసిండు."

ఆయన నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. రాయి తీయించమంటారా అని నేనడిగితే వద్దన్నాడు. మంచి రాయి, ఉండనియ్యండి, పండుగకు వచ్చి ఒక పువ్వు పెట్టుకుంటానన్నాడు. ఆయన పోయాక అమ్మ కంచంలో అన్నం పెట్టించుకుని, కలిపి, తినకుండా లేచింది. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదని చెప్పను. చీకటికి భయపడ్డ మనిషి మీదా, నోరు విప్పని అవ్వ మీదా, రిజిస్టరు చూసి గెలిచానని ఊరంతా చెప్పుకున్న నా మీదా.

మరునాడు పొద్దున అమ్మ నాకంటే ముందే తయారై కూర్చుంది. మంచిర్యాల పోదామంది. అవ్వ సమాధి ఏదో మాకు తెలియదు, అక్కడి కాపలాదారు వెతికి చూపించాడు. అంచులు విరిగి, మధ్యలో పిచ్చిగడ్డి మొలిచిన చిన్న గద్దె. అమ్మ ఆ మోకాళ్లతోనే కింద కూర్చుని గడ్డి పీకడం మొదలుపెట్టింది. నన్ను పీకనివ్వలేదు. అంతా శుభ్రమయ్యాక సిమెంటు మీద అరచేయి ఆనించి, పక్కమీద పడుకున్న మనిషితో అన్నట్టే అంది.

"అమ్మా, నాయిన ఎవలో తెల్వదన్ననే. నిలవడి అన్న, నా నోటితోని."

తిరిగి వస్తుంటే గోదావరి నిండుగా ఉంది. ఆటోలో అమ్మ నా భుజం మీద తల వాల్చింది. అవ్వ వీలునామాలో తన కోసం అడిగింది ఒక్కటే, ఆయన పక్కన ఆరడుగుల నేల. అది ఇవ్వగలిగినన్నాళ్లూ మాకు ఆ మాట అర్థం కాలేదు, అర్థమయ్యేసరికి ఆ నేలే లేదు.