మూడో జ్ఞాని తెచ్చిన బోళం

మొన్న డిసెంబరు మొదట్లో మా ఎదురు ఫ్లాటువాళ్ళు బాల్కనీలో కాగితపు నక్షత్రం వేలాడగట్టి, అందులో బల్బు వెలిగించగానే, యాభై దాటిన నా గుండె ఎనిమిదో తరగతి పిల్లలా గంతులేసింది. ఎందుకో చెబితే నా ఈడువాళ్ళు తప్పకుండా నవ్వుకుంటారు.

ఎనభైలలో మేము ఆగిరిపల్లిలో ఉండేవాళ్ళం. నాన్నగారు గుడిలో అర్చకులు. నేను రోజూ బస్సెక్కి నూజివీడులో మిషనువాళ్ళ ఆడపిల్లల బడికి వెళ్ళేదాన్ని. ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు క్రిస్మసు నాటకంలో, బాలయేసును చూడడానికి వచ్చిన తూర్పుదేశపు జ్ఞానులు ముగ్గురిలో మూడోవాడి వేషం మా టీచరుగారు నాకిచ్చారు. పూజారిగారి అమ్మాయిని, నాకెందుకండీ అని బెరుకుగా అడిగితే, ఆ జ్ఞానులు ఆ ఊరివాళ్ళూ కారు, ఆ మతంవాళ్ళూ కారు, చుక్కను చూసి అంత దూరం నుంచి వచ్చిన పరాయివాళ్ళు, కథకి అందమే అది, అందుకే నువ్వు, అన్నారావిడ. ఇంక ఆ సాయంత్రం బస్సులో నా కాళ్ళు నేలమీద ఆనితే ఒట్టు!

నాన్నగారు ఒప్పుకోకపోతే ఎలాగన్నదే భయం. భోజనాల దగ్గర చెప్పాను. ఆయనేమో, చుక్కను చూసి పుట్టుక తెలుసుకున్నారంటే వాళ్ళూ మన పంచాంగాలవాళ్ళ లాంటివాళ్ళే కాబోలు, వెళ్ళిరా అన్నారు. పేచీ పెట్టింది మా మామ్మ. బంగారం రాజుకి, సాంబ్రాణి దేవుడికి, నేను పట్టుకెళ్ళే బోళం మరణానికి గుర్తని టీచరుగారు చెప్పినట్టే అప్పజెప్పాను.

"పసిగుడ్డు దగ్గరికి చావు సామానేంటే? బోళం బాలింతకి మందు. ఆ మహాతల్లి పశువులపాకలో పురుడు పోసుకుంటే, ఆవిడ సంగతి తలుచుకున్నవాడు ఆ మూడోవాడొక్కడే," అని మామ్మ మూలికల కొట్టునుంచి నిజం బోళమే తెప్పించి, తన వెండి భరిణెలో పోసి ఇచ్చింది. పైగా నాటకానికి తనూ వస్తానంది!

బడి ఆవరణలో పందిరి వేశారు. గోడ అవతల మామిడితోటలో తొలిపూత అప్పుడే కనబడుతోంది. మామిడికాయలు పంపే చెక్కపెట్టెలో వరిగడ్డి పరిచి, ఆ తోటలో పనిచేసే కూలావిడ నెలబిడ్డని అందులో పడుకోబెట్టారు. బూరుగుదూది గడ్డం, అమ్మ పట్టుచీర తలపాగా, చేతిలో భరిణెతో నేను వెళ్ళి మోకరిల్లానో లేదో, బిడ్డ నా గడ్డం గుప్పిట పట్టి ఒక్క లాగు లాగింది. గడ్డం ఊడింది, జనం గొల్లున నవ్వారు, ఆ గోలకి బిడ్డ గుక్కపట్టి ఏడుపు. మరియమ్మ వేషం వేసిన పిల్ల బిక్కచచ్చిపోయింది. కన్నతల్లేమో పెద్దవాళ్ళ ముందుకు రాలేక తెరపక్కనే నిలబడిపోయింది.

ముందు బెంచీలోంచి ఎవరో గబగబా వేదికెక్కారు. చూద్దును కదా, మా మామ్మ! కూలివాళ్ళు ఎదురొస్తే చీర చెంగు దగ్గరికి లాక్కుని తప్పుకునే మామ్మ, ఆ బిడ్డని ఎత్తి భుజాన వేసుకుంది.

"ఇలా రావమ్మా, పచ్చి బాలింతరాలివి, చలిలో నిలబడ్డావేంటి? బిడ్డకి పాలియ్యి."

"మీరు ముట్టుకున్నారేంటండీ, అమ్మగారూ," అందామె.

మామ్మ ఆమెను గడ్డిమీద కూర్చోబెట్టి, తనూ మోకాళ్ళమీద కూర్చుని బిడ్డని ఆమె ఒళ్ళో పెట్టింది. నా చేతిలోని భరిణె లాక్కుని ఆమె చేతిలో ఉంచింది. నాకప్పుడు నాటకంలో నా మాటలు గుర్తొచ్చి, "మేము తూర్పుదేశము నుండి వచ్చితిమి!" అని పందిరి అదిరేలా అరిచాను. ఇదంతా నాటకమే అనుకుని జనం ఒకటే చప్పట్లు! వెనక వరసలో, మామ్మని తీసుకొచ్చిన నాన్నగారు లేచి నిలబడి మరీ కొట్టారు.

ఇంటికొచ్చాక మామ్మ నూతి దగ్గర తలస్నానం చేసింది. చెయ్యలేదని అబద్ధం చెప్పలేను. కానీ వెండి భరిణె సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎవరైనా అడిగితే, బాలింతని చూడ్డానికి ఉత్తచేతులతో వెళ్తారా అనేది.

ఇప్పుడు మా ఇళ్ళలో ఆ మడులు లేవు. ఎవరికి బిడ్డ పుట్టినా ఫోనులో ఫొటో వస్తుంది, ఓ పువ్వు బొమ్మ నొక్కి పంపేస్తాం. ముక్కూమొహం తెలియనివాళ్ళ బిడ్డని చూడడానికి, చేతిలో ఏదో ఒకటి పట్టుకుని, నేను గడప దాటింది ఆఖరిసారి ఎప్పుడో, ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.