మోసెస్ అడుగు

మద్రాసు పురసవాక్కంలో ఏ అరుగు మీద ఆటల మాట వచ్చినా మోసెస్ పేరు రాకుండా ముగిసేది కాదు. మిల్లు వాళ్ళు అతనికి జీతమిచ్చింది మగ్గం ముందు నిలబడమని కాదు, బాస్కెట్‌బాల్ ఆడమని. పొద్దున్నే గేటు దగ్గర సంతకం, ఆపైన ఎర్రమట్టి మైదానం; అదీ ఉద్యోగం! బంతి చేతికి చిక్కాక రెండడుగులే వేయాలి, మూడోది పడితే తప్పు. మోసెస్ మూడోదీ వేసేవాడు. ఎంత మెత్తగా వేసేవాడంటే, రెఫరీలు కూడా నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయేవారు. జనం దానికి 'మోసెస్ అడుగు' అని పేరు పెట్టి ఈలలు వేశారు.

పందొమ్మిది వందల యాభై ఐదులో మోకాలు మొండికేసింది. మోసెస్ ఆట మానేసి రెఫరీ అయ్యాడు. అప్పటికే ఆ అడుగును బామ్మర్ది అంతోనికి ముచ్చటపడి నేర్పి పెట్టాడు. అంతోని అదే మిల్లులో టెంపరరీ. ఆ ఏడు మిల్లు జట్టు కప్పు గెలిస్తే పర్మనెంటు చేస్తామని మేనేజరు మాటిచ్చాడు. ఫైనల్‌కి మోసెస్సే రెఫరీగా కావాలని పట్టుబట్టింది ఎవరనుకున్నారు? ఎదుటి జట్టు! అతను పక్షపాతం చూపడని వాళ్ళ నమ్మకం మరి.

మోసెస్ భార్య పొన్నమ్మ మాత్రం లోలోపల మురిసిపోయింది.

"ఏందయ్యా, నువ్వు మావోడికి ఏమీ చెయ్యబళ్ళా. ఆడ విజిల్ ఊదకుండా ఉంటే సాలు," అంది.

మోసెస్ సగం తిన్న కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆట ముగింపుకొచ్చేసరికి మిల్లు జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. అంతోని బంతి అందుకున్నాడు. ఒకటి, రెండు, మెత్తగా మూడు. బంతి బాస్కెట్‌లో పడింది. మైదానమంతా లేచి గంతులేసింది. అన్నేళ్ళు తను వేసిన అడుగు ఎలా ఉంటుందో రెఫరీగా నిలబడి చూడటం మోసెస్‌కి పాపం అదే మొదలు. ఎదుటి జట్టు వాళ్ళు ఒక్కరూ గొడవ చేయలేదు, అతని ముఖంకేసి చూశారంతే.

మోసెస్ విజిల్ ఊదాడు. పాయింట్లు చెల్లలేదు, కప్పు పోయింది.

అంతోని బిత్తరపోయి దగ్గరికొచ్చాడు. "ఏం బావా, నువ్వు నేర్పిందేగా ఇది?"

"నేర్పింది నేనే రా. తప్పే నేర్పినా."

"మరి నీకెవురూ ఊదలేదే?"



మిల్లులో పని నిలవక అంతోని సౌకార్‌పేటలో మూటలు మోసే పనికి కుదిరాడు. చర్చిలో కూడా బావ పక్కన కూర్చోవడం మానేశాడు. పొన్నమ్మ అన్నం పెట్టేది, మాట పెట్టేది కాదు. మైదానాల్లో మాత్రం మోసెస్ పేరు నిలిచిపోయింది. ఎవడు మూడో అడుగు వేసినా, రెఫరీ ఊదకముందే జనం "మోసెస్! మోసెస్!" అని వెక్కిరించేవారు. పాత అలవాటు కొద్దీ అతను నవ్వుతూ తల తిప్పేవాడు. వెంటనే గుర్తొచ్చి దించుకునేవాడు.