ప్రసవ గదిలోకి అత్తను పిలిచిన మేడం

మా ట్యూటర్ మేడం పోయారన్న కబురు సోమవారం పొద్దున వచ్చింది. అప్పుడు నేను కొంటా దగ్గర మా ఆరోగ్య ఉపకేంద్రంలో పిల్లలకు టీకాలు వేస్తున్నాను. ఫోను చేసింది నాతో పాటు ట్రైనింగ్ చేసిన స్నేహితురాలు. “మేడం ఇక లేదే” అని ఫోను పెట్టేసింది. ఎదురుగా చంకలో బిడ్డతో ఒక తల్లి నిలబడి ఉంది. ఆ బిడ్డకు సూది వేసి, తల్లిని కాసేపు నీడన కూర్చోమని చెప్పి, వెనక గదిలోకి వెళ్ళి ఏడ్చాను. ముందు ఎదుటివాళ్ళ పని, తర్వాతే మన ఏడుపు. ఇదీ ఆమె దగ్గర నేర్చుకున్నదే.

ఆమెది విజయనగరం వైపు. తండ్రికి కిరండూల్ లైనులో రైల్వే ఉద్యోగం కావడంతో చిన్నప్పుడే ఈ కొండల్లోకి వచ్చింది. ఇనుప గనుల టౌన్‌షిప్పు ఆస్పత్రిలో మా ఊళ్ళ ఆడపిల్లల కోసం నర్సింగ్ ట్రైనింగ్ పెట్టినప్పుడు మాకు పాఠం చెప్పడానికి ఆమెనే వేశారు. అడవి ఊళ్ళ వాళ్ళ రోగాలేమిటో, వాళ్ళు ఆస్పత్రికి ఎందుకు రారో తెలిసిన నర్సులు కావాలన్నది ఆ ట్రైనింగ్ ఉద్దేశం. నేను గొల్లపల్లి నుంచి వెళ్ళిన దోర్ల తెగ పిల్లను. ఇంట్లో దోర్లి, సంతలో తెలుగు, బడిలో హిందీ. హాస్టల్లో మాత్రం నోరు విప్పేదాన్ని కాదు.

మొదటి రోజుల్లో ఒక క్లాసులో ఆమె, “కళ్ళు తిరుగుతుంటే మీ ఇంటికాడ ఏటంటారే?” అని అందరినీ వరసగా అడిగింది. హల్బీలో ఒకరు, గోండీలో ఒకరు చెప్పారు. నా వంతు రాగానే హిందీలో చెప్పాను.

“అది పుస్తకం మాట. మీ అమ్మ మాట సెప్పు.”

చెప్పాను. వెనక ఎవరో నవ్వారు.  నా మాటను మేడం తను పలకబోయి తప్పు పలికింది. నన్నే దిద్దమంది. నోరు తిరిగేదాకా పిల్లలా పలుకుతూనే ఉంది. చివరికి, “పడిపోతన్నానని ఒక మనిషి ఈ బాసలో సెప్తే డాక్టరుకేటి తెలుస్తాది? నువ్వుంటేనే తెలుస్తాది” అంది. నా భాష ఒకరికి పనికొస్తుందని నాతో అన్న మొదటి మనిషి ఆమె.

ఆమెకు టీ సాసర్లో పోసుకుని తాగే అలవాటు. సంతలో కొత్త ఆకుకూర కనబడితే కొని, అమ్మే ఆమెనే వండే పద్ధతి అడిగి, హాస్టల్లో మాచేత వండించి ముందు తనే తినేది. కింద కూర్చున్న మనిషిని నిలబడి ఏదీ అడగనిచ్చేది కాదు. “ముందు కూకో, అప్పుడడుగు” అనేది. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక కూడా తనూ కిందే కూర్చునేది. లేవడానికి మాకు చెయ్యందించేది.

ఒక సంత రోజున పామేడు వైపు నుంచి వలస వచ్చిన దోర్ల కోడలు ఒకామె నొప్పులతో ఆస్పత్రికి వచ్చింది. మొగుడు గని దగ్గర కూలి. వెంట అత్త ఉంది. కోడలి మొహం తెల్లగా పాలిపోయింది, కాళ్ళు వాచి ఉన్నాయి. నియమం ప్రకారం ఆయా అత్తను బయటికి పంపి తలుపు వేసింది. కాసేపటికి లోపలికి వెళ్ళి చూస్తే మంచం ఖాళీ. వెనక తలుపులోంచి కోడలు వెళ్ళిపోయింది.

“వీళ్ళు మన మాట వినరు” అన్నాడు డాక్టరు. చెడ్డవాడు కాదు. ఆ మాట అలసిపోయి అన్నాడు.

మేడం నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. అత్తాకోడళ్ళిద్దరూ బస్టాండులో దొరికారు. నొప్పి వచ్చినప్పుడల్లా కోడలు అత్త భుజం పట్టుకుంటోంది. మేడం వెళ్ళి అత్త పక్కన నేల మీద కూర్చుంది. నేనూ కూర్చుని దోర్లిలో పలకరించాను. అత్త నా వైపు తిరిగి దోర్లిలోనే మొదలుపెట్టింది.

“గదేంది బిడ్డా, నా కోడల్ని ఒక్కదాన్నే లోపలేసి తలుపేస్తరా? కనేటప్పుడు మనోళ్ళు పక్కనుండొద్దా? బిడ్డెంట పడే మావిని చెత్తల పారేస్తరంట గదా. మేం మట్టిల పెడ్తం. పారేస్తే బిడ్డ బతుకుతదా?”

నేను మేడంకు చెప్పాను. ఆమె అత్త చెయ్యి పట్టుకుంది. “నువ్వు నీ కోడలి పక్కనే ఉంటావు. మావి నీ చేతికే ఇస్తాను. కానీ దీనికి రక్తం లేదమ్మా. దారిలో కంటే నేనేటి సెయ్యలేను. నాకు భయంగా ఉంది.”

ఆ చివరి మాట కూడా ఉన్నదున్నట్టు దోర్లిలో చెప్పాను. అత్త మేడం మొహంలోకి చూసి, కోడల్ని లేవదీసింది.

ఆస్పత్రి గుమ్మంలో డాక్టరు అడ్డుపడ్డాడు. బయటి మనిషిని ప్రసవ గదిలోకి రానివ్వడమేమిటన్నాడు. “చేతులు కడిగించి, గౌను తొడిగి నేనే తీసుకొస్తాను సార్. ఏమైనా అయితే జవాబు నాది. మాటిచ్చి తెచ్చాను” అంది మేడం. అంతలోనే కోడలికి నొప్పులు తీవ్రమయ్యాయి. అత్త లోపలికి వచ్చింది.

పొద్దుగూకక ముందే ఆడపిల్ల పుట్టింది. మావి కూడా పడింది. ఆ తర్వాత రక్తం ఆగలేదు. డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాడు, సెలైన్ ఎక్కించారు. మేడం ఆమె పొత్తికడుపు మీద చెయ్యి వేసి గట్టిగా మర్దన చేస్తూనే ఉంది. కోడలి కళ్ళు మూతలు పడుతున్నాయి. “మాట్లాడించమను!” అని మేడం నాతో అరిచింది. నేను చెప్పగానే అత్త కోడలి చెవి దగ్గర వంగి, వాళ్ళ ఊరి మనుషులను పేరుపేరునా పిలుస్తూ, వాళ్ళు ఎదురు చూస్తున్నారని చెప్తూ పోయింది. ప్రతి పేరుకూ కోడలు ‘ఊఁ’ కొట్టింది. మెల్లగా రక్తం తగ్గింది. డాక్టరు చేతులు కడుక్కుని గోడకు ఆనుకుని నిలబడి అత్త వైపు చాలాసేపు చూశాడు.

తర్వాత ఒకరోజు ఇంకో ఊరి ఆమె ప్రసవానికి వచ్చినప్పుడు, “సాస్ కో బులావో” అని అత్తను పిలవమంటున్న గొంతు వినబడింది. అది డాక్టరుదే. ఆ తలుపు మళ్ళీ ఏ అత్త ముందూ మూసుకోలేదు.

మేడం రిటైరయ్యాక తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. నేను ఫోను చేస్తే, “కూకునే అడుగుతున్నావా?” అనేది. ఈ ఏడు గొంతు బాగా సన్నబడింది. చూసి వద్దామనుకున్నాను, ఇంతలోనే ఈ కబురు. సమాధి దగ్గరికి వెళ్ళేసరికి మట్టి ఇంకా తడిగా ఉంది.

నా కళ్ళ ముందు నిలిచేది మాత్రం ఆ పిల్ల పుట్టిన మర్నాటి మేడం. మావిని ఆకులో చుట్టి ఇచ్చాక, అత్త మమ్మల్నీ రమ్మంది. కొండ కింద వాళ్ళ గుడిసె వెనక గుంట తవ్వి, మొదటి పిడికెడు మట్టి వెయ్యమని మేడంనే పిలిచింది. ఆమె తెల్ల చీరతోనే మోకాళ్ళ మీద కూర్చుంది. దారిలో తిరిగొస్తూ, “కొండనిండా ఇనుమే. ఈళ్ళ ఒంట్లోనే లేదు” అంది. మధ్యాహ్నం క్లాసుకు టైమైపోయింది. చీర మార్చుకోకుండానే వచ్చింది. తెల్ల చీర మీద మోకాళ్ళ దగ్గర రెండు ఎర్రమట్టి మరకలు. వాటితోనే బోర్డు ముందు నిలబడి, సుద్దముక్క చేతిలోకి తీసుకుని మా వైపు తిరిగింది.