బజ్జీ కోసం ఇంగ్లీషులో కొట్లాట

ఇంగ్లీషు మాటలు కోపంలో నేర్చుకోవాలి. ఈ సంగతి ఎవరూ చెప్పరు. చెప్తే ఫోన్లలో దినానికిన్నని మాటలమ్ముకునే వాళ్ల అంగళ్లు మూతబడతాయి.

నాకు మొదటి పెద్దమాట నేర్పింది ఒక కాలిపోయిన మోటారు. ఆళ్లగడ్డ దగ్గర మా చేలో కొత్తగా బిగించిన మోటారు పంట మధ్యలో కాలిపోతే, మార్చి ఇమ్మని కంపెనీకి రాశాను. జవాబు ఇంగ్లీషులో వచ్చింది. అప్పటికి నా చదువు ఐదో తరగతి, అదీ సగమే. కూడబలుక్కుంటూ చదువుతుంటే ఒక మాట దగ్గర బండి ఆగిపోయింది. నెగ్లిజెన్స్. పోస్టుమాస్టరును అడిగాను.

"నిర్లక్ష్యం అప్పా. మోటారు నీ నిర్లక్ష్యం వల్లే కాలిందంటాండారు."

నాకా నిర్లక్ష్యం! ఆ మోటారును చూసుకున్నంత పదిలంగా పెండ్లాన్ని కూడా చూసుకోలేదు! ఒక పాత నిఘంటువు కొని, ఆ మాటకు చుట్టాలెవరున్నారో వెతికాను. నెగ్లెక్ట్, నెగ్లిజెంట్, అందరూ ఒకే ఇంటిపేరు వాళ్లు. కుటుంబం మొత్తాన్ని కంపెనీ మీదికే తోలాను. వాళ్లు మళ్లీ రాశారు, నేను మళ్లీ తిట్టాను. మోటారు రాలేదు. ఇంగ్లీషు వచ్చింది. ఆ మాటల్లో ఒక్కదాన్నీ ఈనాటికీ మరిచిపోలేదు, ఆ కోపాన్నీ మరిచిపోలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈమధ్య నంద్యాలలో కూతురింటికి పోతే మనవరాలు గోడకేసి చూస్తూ ఏదో గొణుగుతోంది. బీకాం అయిపోయింది. సోమవారం ఒక ఆస్పత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ, అంతా ఇంగ్లీషులోనే. ఇంతకుముందు రెండుచోట్ల నోరు పెగలక ఏడుస్తూ వచ్చింది. ఈసారీ అంతే అయితే ఇంకెక్కడికీ పోనని తేల్చి చెప్పేసింది.

"ఏం చేస్తాండావ్ పాపా?"

"మాటలు బట్టీ కొడతాండా తాతా. ఫోన్‌లో దినానికి యాభై వస్తాయి."

"నిన్నటివి చెప్పు."

ఫోన్ తీసి చూడబోయింది.

"పొద్దున పోసి సాయంత్రానికి ఒలకబోసేదానికి నీ తలకాయ ఏమన్నా చిల్లుబిందెనామ్మే?"

నాకు ఒళ్లు మండిపోయింది. సరిగ్గా అప్పుడే కూతురు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చిపెట్టింది. మనవరాలి ప్లేటులోంచి ఒక బజ్జీ లాగేసుకున్నాను.

"తాతా! అది నాది!"

"ఇంగ్లీషులో కొట్లాడు, ఇస్తా. మాట లేకపోతే బజ్జీ లేదు."

"యు... థీఫ్!"

"ఒకటో తరగతి తిట్టు. దీనికి తొడిమ కూడా రాదు."

"గ్రీడీ! యు ఆర్ గ్రీడీ!"

"ఆ, దీనికి సగం." కొరికి, మిగిలిన సగం చేతిలో పెట్టాను.

"ఛీ! డిస్‌గస్టింగ్!"

ఎగిరి గంతేశాను. ఆ మాట ఎన్నాళ్లుగా ఆ ఫోన్‌లో పడి ఉందో, ఇప్పటికి నోట్లోకొచ్చింది!

ఆ రోజునుంచి ఇంట్లో తగాదాలన్నీ ఇంగ్లీషులోనే అని చట్టం చేశాను. ఒంటి మాట చెల్లదు, వాక్యంలో కట్టి కొట్టాలి. మాట అందకపోతే అప్పుడు మాత్రమే ఫోన్ తీయొచ్చు. పొద్దున వాడిన మాటను రాత్రిలోపు ఇంకో తగాదాలో మళ్లీ వాడాలి. ఫ్యాను దగ్గర నన్ను 'అన్‌రీజనబుల్' అన్నది, సాయంత్రం స్నానాలగది తలుపు బాదుతూ మళ్లీ అదే అన్నది. నాకెంత సంతోషమో! ఆ సంతోషంలో ఇంకో చెంబు పోసుకున్నాను.

పక్కింటాయన గోడ మీదినుంచి తొంగిచూశాడు. "ఏందప్పా, పెద్దమనిషివి, ఆడపిల్లతో ఈ గలాటా ఏంది?"

"దిస్ ఈజ్ ఇంటర్‌ఫియరెన్స్!" అని ఇద్దరం ఒకేసారి ఆయన మీదికి తిరిగాం. తల మాయమైంది.

చివరికి నా కూతురికి ఓపిక పోయింది. గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. "నో బజ్జీ! నో ఉగ్గాని! బోత్, గో ఔట్!"

మా పెద్దమాటలేవీ ఆ గరిటె ముందు నిలవలేదు. బయటికి నడిచాం, కడుపులు పట్టుకుని నవ్వుకుంటూ.

సోమవారం ఆస్పత్రి బయట బల్ల మీద కూర్చున్నాను. చాలాసేపటికి మనవరాలు వచ్చింది, రెండు చేతులతో మొహం కప్పుకుని, భుజాలు అదురుతూ. బల్ల మీంచి లేచి ఎదురుపోయాను.

"ఏందీ, నోరు పెగల్లేదా?"

చేతులు తీసింది. నవ్వుతోంది!

"పెగిలింది తాతా! ఒకాయన కోపమొచ్చిన ముసలి పేషెంటు మాదిరి నటించినాడు. ఆయన వంతు దాటిపోయిందంట, బల్ల గుద్ది ఒకటే అరుపులు. నాకు నువ్వే కనపడితివి. నవ్వాపుకోలేక చస్తి."

"ఏమంటివి, చెప్పు!"

"'ఐ అండర్‌స్టాండ్ యువర్ యాంగర్, సర్. బట్ షౌటింగ్ ఈజ్ అన్‌రీజనబుల్. ప్లీజ్ సిట్. ఐ విల్ నాట్ నెగ్లెక్ట్ యూ' అంటి. ఆయన నటించేది మరిచిపోయి కూసున్యాడు. ఒకటో తేదీ నుంచి రమ్మన్యారు!"

నెగ్లెక్ట్! నా మోటారు తాలూకు మాట, తగాదాల్లో నేనే పిల్ల మీదికి విసిరింది!

ఎదురుగా ఉన్న హోటల్లో దూరి బజ్జీలు తెప్పించాను. చివరి బజ్జీ నాది. అయినా పిల్ల చెయ్యి చాపి లాగేసుకుంది. తిడదామని నోరు తెరిచాను. కంపెనీవాళ్లను ఏళ్లతరబడి ఉతికి ఆరేసినవాణ్ణి, ఒక్క మాట రాలేదు. ఇంగ్లీషూ రాలేదు, తెలుగూ రాలేదు. మిరపకాయ కారానికి నాలుక మొద్దుబారిందని మనవరాలితో బుకాయించాను.

ఆమె తాపీగా నమిలి మింగి, తొడిమ నా ప్లేటులో పెట్టింది.

"మాట లేకపోతే బజ్జీ లేదు తాతా."